జీపు వెనుక ఇరుసులో రొద: విప్పుటకు ముందు వినుడు

మన పల్లెలకు జీపు క్రొత్త వాహనము కాదు. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము దేశమందు 55 ప్రాజెక్టులతో ప్రారంభమైన నాటినుండి, సరియైన బాట లేని ఊళ్లకు అధికారులను, విత్తనములను, మందులను చేర్చిన వాహనములలో జీపునకు ముఖ్యస్థానము కలదు. 1959లో మన రాష్ట్రమున పంచాయతీ సమితులు ఏర్పడిన పిదప “సమితి జీపు” అను మాట ప్రజల నోట స్థిరపడినది. సమితులు పోయినవి, మండలములు వచ్చినవి. కార్యాలయముల ముందు క్రొత్త రకముల వాహనములు నిలిచినవి. అయినను పాత జీపులు అంతరింపలేదు. పాడేరు, అరకు ప్రాంతముల కొండదారులలోను, అటువంటి అనేక తావులలోను అవి నేటికిని ప్రయాణికులను, సంతకుపోవు సరుకులను మోయుచున్నవి. ఒక్కొక్క జీపు వెనుక ఒక్కొక్క కుటుంబపు జీవనము ఆధారపడి యున్నది. అర్ధరాత్రి వేళ రోగిని ఆసుపత్రికి చేర్చుటకు ఊరివారు తలుపు తట్టునది కూడ ఆ జీపు యజమాని ఇంటినే.

అట్టి జీపు వెనుకభాగమునుండి ఒకనాడు ఊళవంటి, లేదా గరగరమను రొద మొదలగును. అప్పుడు యజమానులు రెండు విధముల నష్టపోవుచున్నారు. కొందరు “పాత బండి, శబ్దము చేయక మానునా!” అని ఉపేక్షింతురు. నూనె తక్కువై, బేరింగు అరిగి, తుదకు పండ్లు విరిగి ఇరుసు బిగిసిపోవునంతవరకు నడుపుదురు. మరికొందరు రొద వినిన మరునాడే ఇరుసు మధ్యనున్న పెట్టెను విప్పించి, క్రౌను చక్రమును, పినియనును మార్పింతురు. బండి తిరిగి రోడ్డెక్కిన తరువాత అదే రొద మరల వినవచ్చును. ఏలయన, దోషము అసలు అచ్చట లేదు. అది ఒక టైరులోనో, చక్రపు బేరింగులోనో ఉన్నది. చెడని భాగములను మార్చినందుకు సొమ్ము పోయినది. అంతకు మించిన నష్టము మరియొకటి కలదు. చక్కగా కుదిరియున్న పండ్ల అమరిక చెదరినది.

కనుక మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఒక్కటే: రొద ఏ సమయమున పుట్టుచున్నదో, ఏ సమయమున మారుచున్నదో శ్రద్ధగా గమనించినచో, పెట్టెను విప్పకయే దోషమున్న స్థానమును చాలవరకు నిర్ణయింపవచ్చును. దీనికి విలువైన పరికరములు అవసరము లేదు. చదునైన దారి, శ్రద్ధగల చెవి, తోడుగా ఒక మనిషి ఉన్న చాలును.

ఆ పెట్టెలో నున్నదేమి?

ఎద్దుబండి మలుపు తిరుగునపుడు ఏ చిక్కును లేదు. రెండు చక్రములును ఇరుసుపై విడివిడిగా తిరుగును గనుక, బయటివైపు చక్రము ఎక్కువ దూరము, లోపలివైపు చక్రము తక్కువ దూరము నడచును. మోటారు వాహనమున అట్లు కాదు. ఇంజను శక్తి ఇరుసుద్వారా చక్రములకు అందవలెను. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో మలుపులో ఒక చక్రము ఈడ్వబడును. ఈ చిక్కును విడదీయు డిఫరెన్షియల్ అను అమరికను 19వ శతాబ్ది తొలిభాగమున ఫ్రాన్సు దేశపు గడియారపు పనివాడు ఒనెసిఫోర్ పెక్యూర్ ఆవిరి బండి కొరకు రూపొందించెను. నేటికిని మూలసూత్రము అదియే.

వెనుక ఇరుసు నడుమనున్న గుండ్రని పెట్టెను మెకానిక్కులు హౌసింగు అందురు. ఇంజను వైపునుండి వచ్చు పొడవైన ప్రొపెల్లరు షాఫ్టు చివర పినియను అను చిన్న పండ్లచక్రము ఉండును. అది క్రౌను అను పెద్ద పండ్లచక్రమును త్రిప్పును. క్రౌనుకు బిగించిన గూటిలో నాలుగు చిన్న గేర్లు ఉండును. వానిలో రెండు చక్రముల ఇరుసులకు తగిలించినవి. తక్కిన రెండు వాని నడుమ మధ్యవర్తులు. ఈ మధ్యవర్తులను మెకానిక్కులు స్టారు గేర్లని పిలుతురు. పినియనునకు రెండు, క్రౌను గూటికి రెండు బేరింగులు ఆధారము.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము గుర్తుంచుకొనవలెను. బండి తిన్నగా పోవునపుడు ఆ చిన్న గేర్లు తమలో తాము తిరుగవు; గూటితోపాటు ఒక్క ముద్దగా తిరుగును. మలుపులో మాత్రమే అవి ఒకదానిపై నొకటి తిరుగును. కనుక తిన్నని దారిలో ఎడతెగక వినబడు ఊళకు స్టారు గేర్లు కారణము కావు. ఈ ఒక్క సూత్రము తెలిసినచో సగము సందేహము తీరును.

లెక్క చెప్పు సాక్ష్యము

1953లో వెలువడి, తరువాత మన దేశమున దీర్ఘకాలము తయారైన సి.జె.-3బి నమూనా జీపును ఉదాహరణగా తీసికొందము. దాని పినియనునకు 8 పండ్లు, క్రౌనుకు 43 పండ్లు. అనగా చక్రము ఒక్కసారి తిరుగుటకు పినియను సుమారు 5.4 సార్లు తిరుగవలెను. ఈ జీపులకు వాడు 6.00-16 టైరు ఒక చుట్టు తిరిగినచో బండి సుమారు 2.2 మీటర్లు ముందుకు పోవును.

బండి గంటకు 10 కిలోమీటర్ల వేగమున మెల్లగా పోవుచున్నదనుకొందము. అప్పుడు చక్రము, క్రౌను నాలుగు సెకన్లలో 5 చుట్లు తిరుగును. పినియను, ప్రొపెల్లరు షాఫ్టు ఒక్క సెకనులోనే సుమారు 7 చుట్లు తిరుగును. “టక్, టక్” మను దెబ్బ వినబడుచున్నచో గడియారము చూచుచు లెక్కింపుడు. నాలుగు సెకన్లకు 5 దెబ్బలు వచ్చినచో దోషము చక్రమునందు, బ్రేకు డ్రమ్మునందు, లేదా క్రౌనునందు ఉన్నది. లెక్కింప సాధ్యము కానంత వేగముగా సెకనునకు 7 దెబ్బలు పడుచున్నచో దోషము పినియనునందో, ప్రొపెల్లరు షాఫ్టు జాయింటు క్రాసునందో ఉన్నది. నేడు చాలమంది చేతిలో సెల్‌ఫోను ఉన్నది. దానితో శబ్దమును పట్టి ఉంచి, ఇంటివద్ద నెమ్మదిగా విని లెక్కించుట మరింత సులభము. ఇతర నమూనాలలో పండ్ల సంఖ్య వేరుగా ఉండవచ్చును. అయినను చక్రముకంటె పినియను నాలుగైదు రెట్లు వేగముగా తిరుగునను సూత్రము పాత జీపులకు సామాన్యముగా వర్తించును.

మొదట టైర్లు, పిదప తక్కినవి

వెనుక ఇరుసు రొద అని తలచినది టైరు రొద అగుట తరచు జరుగుచుండును. పొలములలో, బురదలో పట్టు దొరకుటకై జీపులకు లోతైన గట్లుగల టైర్లు వేయుదురు. అవి తారురోడ్డుపై ఊళవంటి శబ్దము చేయును. ఒక ప్రక్క అరిగిన టైరు శబ్దము మరీ ఎక్కువ. దీనిని గుర్తించు మార్గము సులభము. తారురోడ్డుపై వినబడు రొద మట్టిదారిలోకి దిగగానే మారిపోయినను, అణగిపోయినను, అది టైరు రొద. ఇరుసులోని పండ్లకు క్రింద తారు ఉన్నదో, మట్టి ఉన్నదో తెలియదు. మరియు టైరు రొద ఆక్సిలరేటరు త్రొక్కినను, వదలినను మారదు. వేగమునుబట్టి మాత్రమే మారును. నాలుగు టైర్లలో గాలి సమముగా నింపి, వెనుక టైర్లను ముందునకు మార్చి మరల నడిపి చూచినచో సందేహము తీరును. రొద కూడ ముందునకు నడచినచో విప్పవలసిన పని లేదు.

నూనె చెప్పు కథ

తరువాత నూనె చూడవలెను. బండిని సమతలమున నిలిపి, హౌసింగుపైనున్న నూనె పోయు మరను విప్పుడు. నూనె ఆ రంధ్రపు క్రింది అంచువరకు ఉండవలెను. వ్రేలు పెట్టినను తగులనంత క్రిందికి దిగినచో రొదకు కారణము సగము తెలిసినట్లే. అయితే నూనె పోసినంతనే పని ముగిసినదని తలపరాదు. అది ఎచ్చటికి పోయినదో చూడవలెను. పినియను ముందున్న సీలు వద్ద కారుచున్నదా? చక్రముల లోపలివైపు తడిగా ఉన్నదా? చక్రమువైపు కారు నూనె బ్రేకు లైనింగులను తడిపి బ్రేకును పాడుచేయును. అది రొదకంటె ప్రమాదకరము.

వ్రేలికంటిన నూనెను ఎండలో పరికింపుడు. సన్నని బూడిదరంగు పొడి కొంత ఉండుట పాత బండికి సహజము. గోరువంటి పలుకులుగాని, సూదివంటి ముక్కలుగాని కనిపించినచో పండ్లో, బేరింగులో చెడుచున్నవని అర్థము; బండిని నడపరాదు. నూనె మజ్జిగవలె తెల్లగా ఉన్నచో నీరు చేరినది. వాగులు దాటు జీపులకు ఇది సామాన్యమైన వ్యాధి. నడచి వేడెక్కిన ఇరుసు వాగునీటిలో చల్లబడగానే లోపలి గాలి కుంచించుకొని, సీళ్లగుండ నీటిని లోనికి పీల్చును. ఇరుసుపైనున్న బ్రీదరు అను చిన్న గాలిమూత బురదతో పూడియున్నచో ఈ ముప్పు ఇంకను ఎక్కువ. అంతేకాక, వేడికి ఉబ్బిన గాలి బయటికి పోలేక నూనెను సీళ్లగుండ నెట్టును. కనుక వర్షాకాలమున బ్రీదరును శుభ్రము చేయుట, లోతైన వాగులు దాటిన పిదప నూనె చూచుట అలవాటు చేసికొనవలెను.

ఏ నూనె పోయవలెనన్న ప్రశ్న కూడ ముఖ్యమైనదే. ఈ ఇరుసులలో పినియను క్రౌను మధ్యరేఖకు కొంత క్రిందుగా అమర్చబడి ఉండును. దీనిని హైపాయిడ్ పద్ధతి అందురు. ఇందు పండ్లు ఒకదానిపై నొకటి దొరలుటయే గాక బలముగా జారుచు ఒరసికొనును. కనుక అధిక ఒత్తిడికి తట్టుకొను జి.ఎల్.-5 తరగతి, 90 నంబరు గేరు నూనె తగినది. ఇంజను నూనె దీనికి పనికిరాదు. అట్లే ఇరుసు నూనెను గేరుపెట్టెలో పోయరాదు. ఇత్తడి రింగులుగల గేరుపెట్టెలకు జి.ఎల్.-4 తరగతి వాడుదురు. రొద తగ్గుటకై నూనెలో రంపపు పొట్టు, అరటిపండు మొదలగునవి కలుపు వాడుక పాత బండ్ల అమ్మకములలో వినబడుచుండును. అది కొనువానిని మోసగించుటయే గాని వైద్యము కాదు.

దారిపై నాలుగు పరీక్షలు

టైర్లు, నూనె సరిగా ఉన్నవి. రొద మాత్రము పోలేదు. అప్పుడు జనసంచారము లేని చదునైన దారిలో ఈ పరీక్షలు చేయుడు. బండి నడుపువాడు దారిని చూడవలెను. వినుటకు వేరొకరు వెనుక కూర్చుండవలెను. ఘాటు దారులలోను, దిగుడులలోను ఈ పరీక్షలు ఎంతమాత్రము చేయరాదు.

1. త్రొక్కుచు వినుట: గంటకు 30 నుండి 50 కిలోమీటర్లవరకు వేగము పెంచుచు వినుడు. ఆక్సిలరేటరు త్రొక్కినపుడు మాత్రమే ఈలవంటి ఊళ పుట్టి, వదలగనే అణగినచో, క్రౌను, పినియను పండ్లు ముందువైపు ముఖముల అరిగినవనియో, వాని అమరిక తప్పినదనియో అనుమానింపవలెను.

2. వదలి వినుట: గేరులోనే ఉంచి ఆక్సిలరేటరు వదలుడు. అప్పుడు చక్రములే ఇంజనును త్రిప్పును. పండ్ల వెనుకవైపు ముఖములపై బరువు పడును. ఈ సమయమున మాత్రమే రొద వచ్చుచున్నచో, పినియను బేరింగులు వదులైనవనియో, పినియను నట్టు సడలినదనియో తలపవలెను. త్రొక్కినను, వదలినను ఎడతెగని గరగర ఉన్నచో బేరింగుపైననే అనుమానము ఎక్కువ. పండ్ల శబ్దము కూతవలె సన్నగా ఉండును. బేరింగు శబ్దము తిరుగలిలో గింజలు విసరినట్లు గరుకుగా ఉండును.

3. న్యూట్రలులో వినుట: 40 కిలోమీటర్ల వేగమున గేరు న్యూట్రలులో నుంచి, ఇంజనును మెల్లగా తిరుగనిచ్చుచు బండిని దొరలనిండు. రొద పూర్తిగా పోయినచో ఇంజను, క్లచ్చి, గేరుపెట్టెల వైపు చూడవలెను. రొద అట్లే ఉన్నచో అది చక్రములతోపాటు తిరుగు భాగములది.

4. మలుపులో వినుట: విశాలమైన మైదానమున ఎడమకు, కుడికి మెల్లగా వంకరలు త్రిప్పుడు. ఎడమకు త్రిప్పినపుడు బండి బరువు కుడి చక్రముపై పడును. అప్పుడు గరగర హెచ్చినచో కుడి చక్రపు బేరింగును, కుడికి త్రిప్పినపుడు హెచ్చినచో ఎడమదానిని అనుమానింపుడు. తిన్నగా పోవునపుడు నిశ్శబ్దముగా ఉండి, మలుపులలో మాత్రము కటకటలాడినచో స్టారు గేర్ల వంతు వచ్చినది.

ఈ నాలుగింటిలో చేరనిది మరియొక శబ్దము కలదు. బండి కదలునపుడును, ఆక్సిలరేటరు వదలి మరల త్రొక్కునపుడును “ధడ్” మని ఒక్క దెబ్బ వినబడును. ఇది ఎచ్చటనో వదులు ఏర్పడినదని తెలుపును. మొదట జాయింటు క్రాసులను చూడవలెను. అవి అగ్గువైనవి, మార్చుట సులభమైనవి. కొన్ని పాత జీపులలో చక్రపు హబ్బు ఇరుసు చివరనున్న సన్నని కొనపై తాళపు ముక్కతో బిగింపబడి ఉండును. దాని నట్టు సడలినను ఇదే దెబ్బ వినబడును. ఉపేక్షించినచో తాళపు ముక్క తెగి చక్రమునకు శక్తి అందదు.

నాలుగు చక్రముల బండికి గల ప్రత్యేక సాక్ష్యము

ముందు చక్రములకు కూడ శక్తి నిచ్చు బండి అగుటచే జీపు రొదను నిర్ణయించుట కొంత కష్టము, కొంత సులభము. కష్టమెట్లనగా, ముందు చక్రముల హబ్బులను విడదీయు ఏర్పాటు లేని జీపులలో, వెనుక చక్రములతో మాత్రమే నడుపుచున్నను ముందు ఇరుసులోని గేర్లు దారివెంట తిరుగుచునే ఉండును. ముందు ఇరుసు ఊళ కూడ ఇనుప చట్రముగుండ ప్రాకి వెనుకనుండి వచ్చినట్లు వినబడగలదు. మరియు తారురోడ్డుపై ముందు చక్రముల లీవరు వేసి నడుపుట తగదు. మలుపులలో ముందు ఇరుసు, వెనుక ఇరుసు వేర్వేరు దూరములు నడచును. వాని నడుమ ఆ భేదమును భరించు డిఫరెన్షియల్ ఈ జీపులలో లేదు. కనుక షాఫ్టులు పురి పెట్టిన త్రాడువలె బిగిసి, లీవరు రాక మొరాయించి, పెద్ద దెబ్బలతో విడును. ఇది దోషము కాదు, వాడుకలోని పొరపాటు.

సులభమెట్లనగా, లీవరుతో ముందు చక్రములను కలుపు ఈ పాత జీపులను వెనుక ప్రొపెల్లరు షాఫ్టు ఊడదీసి, ముందు చక్రములతో మాత్రమే నడిపి చూడవచ్చును. మట్టినేలపై, సమతలమున, గంటకు 20 కిలోమీటర్లు మించకుండ కొద్ది దూరము నడిపిన చాలును. అప్పుడు వెనుక గేర్లు తిరుగుచునే ఉండును గాని వానిపై ఇంజను బరువు ఉండదు. ముందు వినబడిన ఊళ ఇప్పుడు మాయమైనచో దోషము వెనుక షాఫ్టు జాయింట్లలోనో, క్రౌను పినియనులలోనో ఉన్నది. రొద ఏమియు మారనిచో వెనుక చక్రపు బేరింగులను, టైర్లను, ముందు ఇరుసును పరీక్షింపవలెను.

కాని ఒక హెచ్చరిక. ఈ పాత జీపులలో అనేకమునకు చేతిబ్రేకు చక్రములపై గాక, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ప్రొపెల్లరు షాఫ్టుపై పనిచేయును. ఆ షాఫ్టు ఊడదీసిన మరుక్షణము చేతిబ్రేకు లేనట్లే. కనుక షాఫ్టును విప్పుటకు పూర్వమే నాలుగు చక్రములకు ముందు వెనుకల చెక్కదిమ్మెలు పెట్టవలెను.

జాకీపై ఎత్తి చూచునపుడు

పై కారణముననే మరియొక ప్రమాదము కలదు. షాఫ్టుపై పనిచేయు చేతిబ్రేకు వేసి ఒక వెనుక చక్రమును జాకీపై ఎత్తినచో, డిఫరెన్షియల్ గాలిలోని చక్రమును తిరుగనిచ్చును; నేలపైని చక్రము దొరలిపోవును. చేతిబ్రేకు వేసియున్నదని నమ్మి బండిక్రింద దూరినవానిపై బండి పడును. ముందు చక్రములకు దిమ్మెలు పెట్టి, ఇరుసుక్రింద గట్టి స్టాండ్లు నిలిపి గాని క్రిందికి పోరాదు. జాకీని మాత్రమే నమ్మరాదు. ఇటుకలను, రాళ్లను అసలే నమ్మరాదు. వెనుక చక్రములు ఎత్తి ఇంజను నడుపవలసి వచ్చినచో ముందు చక్రముల లీవరు విడిచియున్నదని రెండుమారులు చూచుకొనవలెను. అది కలిసియున్నచో బండి స్టాండ్లపైనుండి దుముకును.

ఇంజను ఆపి చేయదగిన పరీక్షలు ఇవి. ఎత్తిన చక్రమును పైన ఒక చేత, క్రింద ఒక చేత పట్టి ఊపుడు. కటకట ఊగినచో బేరింగు వదులైనది. చక్రమును మెల్లగా త్రిప్పుచు, ఒక పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇరుసు గొట్టముపై ఆనించి పిడిని చెవికి ఆనించి వినుడు. చక్రమువద్ద, హౌసింగువద్ద, పినియను ముక్కువద్ద శబ్దమును పోల్చి చూడుడు. ఎచ్చట గరగర ఎక్కువగా ఉన్నదో అచ్చటనే రోగమున్నది. పిదప ప్రొపెల్లరు షాఫ్టును చేతబట్టి ఇటునటు త్రిప్పుడు. జాయింటు క్రాసులో కదలిక కనిపించరాదు. పినియను ముక్కును పైకి క్రిందికి ఎత్తి చూచినపుడు కొంచెమైనను ఊగరాదు. ఊగినచో పినియను బేరింగు పోయినది.

ఒక ఉదాహరణ

ఒక జీపు 40 కిలోమీటర్ల వేగమున గరగరలాడుచున్నదనుకొందము. మట్టిదారిలోను అట్లే ఉన్నది; కనుక టైరు కాదు. నూనె సరిపోవు మట్టమున, శుభ్రముగా ఉన్నది. త్రొక్కినను, వదలినను శబ్దము మారలేదు. కనుక పండ్లపై అనుమానము తగ్గినది. న్యూట్రలులోను ఉన్నది; కనుక ఇంజను కాదు. ఎడమకు త్రిప్పినపుడు హెచ్చినది, కుడికి త్రిప్పినపుడు తగ్గినది. జాకీపై ఎత్తి చూడగా కుడి వెనుక చక్రము ఊగుచున్నది. ఇప్పుడు మార్పవలసినది ఒక బేరింగు, ఒక సీలు మాత్రమే. ఈ పరీక్షలు చేయక హౌసింగును విప్పియున్నచో క్రౌను, పినియను మారియుండును, రొద మిగిలియుండును.

తప్పనిసరిగా విప్పవలసినపుడు

పరీక్షలన్నియు హౌసింగునే చూపినపుడు అనుభవముగల మెకానిక్కు వద్దకు పోవలెను. అప్పుడు యజమాని ఈ అయిదు విషయములను తెలిసియుండుట మేలు.

మొదటిది, క్రౌను, పినియను జతగా ఒరసి తయారైనవి. ఒకటి మార్చి రెండవది ఉంచరాదు.

రెండవది, పండ్ల నడుమ ఉండవలసిన వదులు మిల్లీమీటరులో పావువంతు మించరాదు; మరీ బిగువుగాను ఉండరాదు. దీనిని షిమ్ములను పలుచని రేకులతో సరిచేయుదురు. పాత షిమ్ములను ఏవైపునుండి తీసినవి ఆవైపునకే వేరువేరుగా కట్టి ఉంచవలెను.

మూడవది, కూర్చినపిదప పండ్లకు రంగు పూసి త్రిప్పి, అచ్చు పంటి నడుమ పడుచున్నదో లేదో చూడుమని కోరుడు. అచ్చు అంచునకు జరిగినచో క్రొత్త పండ్లు కూడ ఊళ వేయును.

నాలుగవది, నూనె కారుచున్నదని పినియను నట్టును ఊరక బిగింపరాదు. దాని బిగువుపై బేరింగుల ఆయువు ఆధారపడియున్నది.

అయిదవది, జీపు యజమానులు మరువరానిది. వెనుక క్రౌను, పినియనుల పండ్ల నిష్పత్తి ముందు ఇరుసు నిష్పత్తితో సమానముగా ఉండవలెను. పాత సామానుల అంగడిలో దొరకినదని వేరొక నమూనా జతను వేసినచో, రెండు చక్రములతో నడచునంతవరకు ఏమియు తెలియదు. ముందు చక్రములను కలిపిననాడు ముందు వెనుక ఇరుసులు ఒకదానితో నొకటి పోరాడి ఏదో ఒకటి విరుగును. అట్టి లీవరు వేయునది బురదలోనో, కొండయెక్కుడులోనో గనుక, విరుగుట కూడ అట్టి తావుననే జరుగును. కొనుటకు ముందు పాత పండ్లను, క్రొత్త పండ్లను లెక్కించి సరిచూచుకొనవలెను. నాలుగు టైర్లు ఒకే కొలతవి అయి ఉండవలెననుటకు కారణము కూడ ఇదియే.

ఎప్పుడు వెంటనే ఆపవలెను?

సన్నని ఊళ ఏండ్లతరబడి మారక ఉన్నచో తొందర లేదు. నూనె చూచుచు నడుపవచ్చును. కాని రొద దినదినము పెరుగుచున్నను, నూనెలో లోహపు పలుకులు కనిపించినను, క్రమముగా పడు దెబ్బ వినవచ్చినను, పది పదునైదు కిలోమీటర్లు నడచిన పిదప ఇరుసులో ఒక భాగము తక్కినవానికంటె చేయి ఆనలేనంత వేడెక్కుచున్నను, బండిని నిలుపవలెను. విరిగిన పంటిముక్క క్రౌను, పినియనుల నడుమ పడినచో నడచుచున్న బండి వెనుక చక్రములు ఒక్కసారిగా బిగిసిపోవును. కొండదారి మలుపులో నిండు ప్రయాణికులతో అట్లు జరిగిన యెడల ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ దినపు కిరాయి పోయినను పోనిండు. ప్రయాణికులను దింపి, బండిని మరియొక వాహనముచే లాగించుకొని పోవుడు. లాగించునపుడు వెనుక చక్రములను నేలనుండి ఎత్తించుట మంచిది. లేనిచో లాగుచున్నంతసేపు విరిగిన పండ్లు లోపల తిరుగుచునే ఉండును.

ప్రతి జీపు యజమానియు ఒక చిన్న పుస్తకమున నూనె మార్చిన తేదీని, నడచిన కిలోమీటర్లను, వినబడిన శబ్దమును, అది త్రొక్కినపుడు వచ్చినదా, వదలినపుడు వచ్చినదా అను విషయమును వ్రాసి ఉంచవలెనని మా సూచన. మెకానిక్కు వద్దకు పోయి “వెనుక ఏదో శబ్దము వచ్చుచున్నది” అని చెప్పుటకును, “వదలినపుడు 40 వద్ద గరగర వచ్చుచున్నది, మలుపులో మారదు, నూనె శుభ్రముగా ఉన్నది” అని చెప్పుటకును గల భేదము వైద్యమునకు పట్టు కాలమునందును, చెల్లింపవలసిన సొమ్మునందును వెంటనే కనబడును.